మన దర్వాజను తినేది ఏ చెద?

జనగామ దగ్గర మా ఇంటి టేకు దర్వాజ నిరుడు చెదపట్టి డొల్లయింది. బాపు పత్తికి కొట్టే మందు తెచ్చి పూసిండు. మాకు తలనొప్పులు మిగిలినవి. తొలకరికి చెద మళ్లీ వచ్చింది. తర్వాత తెలిసింది, మేము శత్రువును గుర్తుపట్టనే లేదని.

గోడవెంట మట్టి గొట్టాలుంటే అది నేలచెద. గూడు భూమిలో ఉంటుంది. కట్టెకు ఎంత మందు పూసినా రాణి చావదు. మాది ఇదే. మట్టి జాడ లేక, గసగసాలంత ఆరుపలకల గింజలు రాలితే పొడికట్టె చెద. దాని సంసారమంతా కట్టెలోనే. మెత్తని పిండి రాలితే చెదే కాదు, పుప్పిపురుగు.

నేలచెదకు పునాది వెంట మట్టిలో మందు పారించాలి. పొడికట్టె చెదకు చెడిన ముక్క కోసివేసి, మిగిలిన కట్టె రంధ్రాల్లో మందు ఎక్కించాలి. రెండు పనులూ తెలిసినవారే చేయాలి. చేనుమందు ఇంట్లో వాడరాదు.

భూపాలపల్లి అడవి టేకైనా, మహబూబాబాద్ మామిడి చెక్కైనా కొనేముందు చూడండి. టేకులో చెదకు లొంగనిది చేవ మాత్రమే; తెల్లకట్టెను తింటుంది. కట్టెలమోపు గోడకు ఆనించవద్దు, గోడకు తడి తగలనీయవద్దు. ఉసిళ్లు దీపం చుట్టూ మూగే వేళ కిటికీలు మూయండి. చెదల కొత్త కాపురాలు వాటితోనే మొదలు.

మిత్రులారా, ముందు చూపు, తర్వాతే మందు.