బీరువా తాళం

మే నెలలో మన బడులకు సెలవులు. సింగపూర్‌లో అప్పటికింకా తరగతులు నడుస్తూనే ఉంటాయి. బంధువుల ఇంటికి వెళ్ళిన మేము ముందుగా అనుమతి తీసుకుని అక్కడి స్కూల్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీని చూసి వచ్చాము. 2010లో మొదలైన ఈ బడిలో పదమూడేళ్ళ వయసులో చేరిన పిల్లలు నాలుగేళ్ళు చదువుతారు. గణితం, సైన్సు, భాషలతో పాటు ఎలక్ట్రానిక్స్, బయోటెక్నాలజీ, డిజైన్ వంటి సబ్జెక్టులూ ఉన్నాయి.

ధనిక దేశం కనుక భవనాలు, లాప్‌టాప్‌లు ఉండడం వింతేమీ కాదు. మా మనసులో నిలిచిపోయింది ఒక చిన్న సంఘటన. ఒక అమ్మాయి కలిపిన సర్క్యూట్‌లో బల్బు వెలగలేదు. టీచరు వచ్చి మల్టీమీటరు చేతికిచ్చి, "ఎక్కడ ఆగిందో చూడమ్మా" అని వెళ్ళిపోయారు. ఆ పాప ఒక్కొక్క తీగనూ పరీక్షించి తప్పును తానే పట్టుకుంది. పాడైన భాగం పక్కన పెట్టి ఇంకొకటి తీసుకుంది. ఎవరూ లెక్క అడగలేదు.

మాకు మా బడి గుర్తొచ్చింది. మీటర్లు బీరువాలో ఉంటాయి, తాళంచెవి మా దగ్గర ఉంటుంది. పగిలితే స్టాకు రిజిస్టరుకు జవాబు చెప్పాలన్న భయంతో ఏళ్ళ తరబడి బోర్డు మీద బొమ్మ గీసి ప్రయోగం అయిందనిపించాము. ఓమ్ నియమం తప్పు లేకుండా రాసిన మా పిల్లలే, పాలిటెక్నిక్‌లో మొదటిసారి మీటరు పట్టుకుంటే చేతులు వణికాయని వచ్చి చెప్పారు. ఆ లోపం మాది.

దాతలు గమనించవలసిన విషయం ఇంకొకటి. సింగపూర్‌లోనూ ముస్లింలు మైనారిటీయే. 1975లో మసీదుల నిర్మాణానికి అక్కడి ముస్లిం ఉద్యోగులు జీతంలోంచి నెలకు 50 సెంట్లు ఇవ్వడం మొదలుపెట్టారు. 1982లో చదువుల కోసం మెండాకి సంస్థ ఏర్పడింది. 1984 నుంచి ఆ నెలవారీ చందాలో దానికీ వాటా చేరింది. చిన్న మొత్తమే, కానీ ప్రతి నెలా వస్తుంది.

మన సొసైటీ ఇచ్చే ఫీజులు, పుస్తకాలు అలాగే సాగాలి. జకాత్‌కు హక్కుదారులు నిర్ణయమై ఉన్నారు, దాన్ని ఇందులో కలపవద్దు. సదఖాగా నెలనెలా కొంత ఇస్తే తీగలు, సెల్‌లు, బల్బులు, గాజు సామాను కొనవచ్చు. అవి పిల్లల చేతుల్లో అరిగిపోవాలి. ఏడాది చివర కొత్తవిలా మెరుస్తుంటే మీ సొమ్ము వృథా అయినట్టే.

జూన్‌లో మా బీరువా తాళం తీశాము. ఇప్పటికి మూడు మీటర్లు పాడయ్యాయి. పదో తరగతి పిల్లలందరికీ మీటరు చూడడం వచ్చింది. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక. ఆమీన్.