వెల్డింగ్ పని: చేతికి విద్య, ఒంటికి రక్షణ



కియోనిక్స్ సంస్థ 1978లో స్థాపించిన ఎలక్ట్రానిక్ సిటీ అనగానే అందరికీ కంప్యూటర్లే గుర్తుకొస్తాయి. కానీ అక్కడి గేట్లు, రెయిలింగులు, షెడ్లు వెల్డర్ల చేతి పనే. పక్కనున్న బొమ్మసంద్ర పారిశ్రామికవాడలోనూ ఈ విద్యకు గిరాకీ ఉంది. ఎనిమిదో తరగతి పాసైనవారు ఐ.టి.ఐ.లో ఏడాదిలో వెల్డర్ ట్రేడ్ పూర్తి చేయవచ్చు. కనుక దీన్ని చిన్నచూపు చూడవద్దు. అయితే పనితోపాటు జాగ్రత్తలూ నేర్వాలి.

కళ్లు: మామూలు నల్ల కళ్లజోడు వెల్డింగ్ వెలుగును ఆపలేదు. సాధారణ రాడ్ పనికి 10 లేదా 11 నంబరు అద్దమున్న షీల్డ్ కావాలి. దెబ్బ వెంటనే తెలియదు. కొన్ని గంటల తర్వాత, తరచు రాత్రిపూట, కళ్లలో ఇసుక పోసినట్లు మండుతాయి. ముక్కను పట్టుకునే హెల్పర్‌కూ షీల్డ్ తప్పనిసరి.

కరెంటు: రాడ్ అంటించకముందు హోల్డర్ దగ్గర 60 నుంచి 80 వోల్టులు ఉండవచ్చు. ఒళ్లు చెమటతో తడిసినా, నేల తడిగా ఉన్నా అది ప్రాణాంతకం. పొడి గ్లవ్స్‌తోనే రాడ్ మార్చాలి. తెగిన కేబుల్ వాడరాదు.

పొగ: వెల్డింగ్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2017లో నిర్ధారించింది. పాలు తాగితే, బెల్లం తింటే పొగ విరుగుతుందన్నది నమ్మకమే. కావలసింది గాలి, వెలుతురు. జింకు పూత ఇనుము పొగకు సాయంత్రానికి చలిజ్వరం రావచ్చు.

మంట: చుట్టూ పది మీటర్లలో కాగితం, గుడ్డ, థిన్నర్ ఉంచరాదు. పెట్రోలు, పెయింటు పోసిన ఖాళీ డ్రమ్ములను ముట్టుకోవద్దు; లోపలి ఆవిరి పేలుతుంది. పని ముగిశాక అరగంట కాపలా ఉండాలి.

అతుకు గట్టిగా రావాలంటే తుప్పు, రంగు గీకి శుభ్రం చేయాలి. ఎర్త్ క్లాంపును శుభ్రమైన ఇనుముకే బిగించాలి. రాడ్ పొడిగా ఉండాలి. 2.5 మి.మీ. రాడ్‌కు సుమారు 60 నుంచి 90 ఆంపియర్లు సరిపోతాయి. తక్కువైతే రాడ్ అతుక్కుపోతుంది, ఎక్కువైతే పలుచని రేకుకు చిల్లు పడుతుంది. ముందుగా పనికిరాని ముక్క మీద సరిచూసుకోండి. రాడ్ కొనకూ ఇనుముకూ మధ్య రాడ్ మందమంత దూరం చాలు. స్లాగ్ కొట్టేటప్పుడు కూడా కళ్లద్దాలు తీయవద్దు.

బ్యాంకులో ఏళ్ల తరబడి జమాఖర్చులు రాసినవాడిగా ఒక మాట. షీల్డ్, గ్లవ్స్, తోలు ఏప్రాన్, బూట్ల ఖరీదు ఒకసారి రాసే ఖర్చు. కంటిచూపు పోతే ఆ లెక్క ఎన్నటికీ సరితూగదు. తల్లిదండ్రులారా, పిల్లవాణ్ణి పనిలో చేర్చేటప్పుడు జీతమెంతని అడిగేముందు షీల్డ్ ఇస్తారా అని అడగండి. లేదంటే మరో షాపు చూసుకోండి.