ఆంప్ పోయిందా? ఆగండి, ముందు వైర్లు చూడండి!

చిత్తూరు నుంచి తిరుపతికి కార్లో వెళ్తున్నాం. పాకాలలో టీకి ఆగి బయల్దేరామో లేదో, పాటలు ఠక్కున ఆగిపోయాయి. స్టీరియో ఆన్‌లోనే ఉంది. ముందు సీటు కిందున్న ఆంప్లిఫయర్ మీద మాత్రం ఎర్ర లైటు. తిరుపతిలో ఓ షాపులో చూపిస్తే "ఆంప్ పోయిందన్నా, కొత్తది వేసుకోండి" అన్నారు. 9 వేలట!

నేను రోజూ ఆఫీసులో బగ్‌లతో కుస్తీ పట్టేవాణ్ని. ప్రోగ్రామ్ ఆగిపోతే మేం మొదట అడిగేది ఒకటే: చివర్లో ఏం మార్చారు? బావనూ అదే అడిగా. "ఏం లేదురా, టీ తాగొచ్చాక సీటు కొంచెం వెనక్కి జరిపినా" అన్నాడు. క్లూ దొరికింది!

మీకూ ఇలా అయితే ఈ వరసలో చూడండి. వైర్లు విప్పేటప్పుడు, బిగించేటప్పుడు బ్యాటరీ దగ్గరి ఫ్యూజు తీసేయడం మర్చిపోవద్దు.

లైటే వెలగట్లేదా? ఆంప్‌కి మూడు వైర్లు కావాలి: బ్యాటరీ నుంచి పవర్, కారు బాడీకి గ్రౌండ్, స్టీరియో ఆన్ చేయగానే ఆంప్‌ని లేపే రిమోట్ వైరు. స్టీరియో ఆన్‌లో ఉండగా మల్టీమీటర్ పెడితే పవర్, రిమోట్ రెండింట్లోనూ 12 వోల్టుల దాకా చూపించాలి.

ఎర్ర లైటా? స్పీకర్ వైర్లన్నీ ఆంప్ నుంచి తీసేసి ఆన్ చేయండి. ఎరుపు పోతే తప్పు స్పీకర్లలోనో, వాటి వైర్లలోనో ఉన్నట్టే. ఒక్కొక్కటే తిరిగి కలపండి. ఏది కలిపితే ఎరుపు వస్తుందో అదే దొంగ. అన్నీ తీసినా ఎరుపు పోలేదా? పవర్, గ్రౌండ్ కూడా బాగుంటే అప్పుడు రిపేరుకివ్వండి.

కాసేపు మోగి ఆగిపోతోందా? వేడెక్కి ఉంటుంది. మన ఎండలు తెలిసినవే కదా! మ్యాట్ల కింద కప్పెట్టకుండా గాలి ఆడనివ్వండి. స్పీకర్ల లెక్కా చూసుకోండి. 4 ఓమ్స్ స్పీకర్లు రెండు ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్స్ అవుతుంది. అంత లోడు మీ ఆంప్ తట్టుకుంటుందా?

యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ 'కుయ్' మంటోందా? గ్రౌండ్ బోల్టు కింద పెయింటు గీకి, మెరిసే ఇనుము మీద గట్టిగా బిగించండి. ఆర్‌సీఏ కేబుల్‌ని పవర్ వైరుకు దూరంగా, రెండో పక్క నుంచి లాగండి.

ఒక్కటి మాత్రం అస్సలు చేయొద్దు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని పెద్దది వేయకండి. బ్యాటరీ దగ్గరి ఫ్యూజు ఉన్నది వైరుని కాపాడటానికి. 30 ఆంపియర్ల చోట 60 వేస్తే, ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. కారుకే నిప్పంటుకోవచ్చు.

ఇంతకీ మా కార్లో ఏమైందంటారా? సీటు రైలు కింద స్పీకర్ వైరు నలిగి, తొక్క ఊడి, బాడీకి తగులుతోంది. ఆంప్ తనను తాను కాపాడుకోడానికి ఆగిపోయిందన్నమాట. మీటరు వైరు మార్చి, రైలుకు దూరంగా కట్టేశాం. 9 వేలు మిగిలాయి.

తిరుగు ప్రయాణంలో చిత్తూరు చేరేదాకా పాటలే పాటలు. బావ సీటు ముట్టుకుంటే ఒట్టు!