వెలుగు గట్టు మీద పడాలి!

కొత్త ఇంటి గుమ్మం టేకుదా, వేపదా అని నెల్లాళ్లు ఆలోచిస్తాం. టైల్స్ కోసం నాలుగు షాపులు తిరుగుతాం. పెయింటు రంగు మీద ఇంటిల్లిపాదీ వాదించుకుంటాం. వంటింట్లో లైటు ఎక్కడుండాలో మాత్రం ఎలక్ట్రీషియన్‌కే వదిలేస్తాం. అతను అలవాటు ప్రకారం గోడ మధ్యలో ఓ ట్యూబ్‌లైటు పాయింటు ఇచ్చి వెళ్లిపోతాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్లపాటు ఆ ఇంటి ఇల్లాలు తన నీడలోనే కూరగాయలు తరుగుతుంది!

తూర్పు ముఖం... వెనక దీపం

మన వైపు ఇళ్లకు ఓ పద్ధతుంది. ఆగ్నేయ మూల వంటిల్లు. తూర్పు గోడకు ఆనించి గట్టు. వండేవాళ్లు తూర్పు ముఖంగా నిలబడాలి. కిటికీ కూడా ఆ గోడకే ఉంటుంది. పొద్దుటిపూట ఇది చక్కటి ఏర్పాటు. ఎండ నేరుగా గట్టు మీద పడుతుంది. ఇడ్లీ పిండి దగ్గర్నుంచి పిల్లల క్యారేజీల దాకా ఏ లైటూ వెయ్యకుండానే పని నడిచిపోతుంది.

సాయంత్రం ఆరున్నర దాటిందంటే కథ మారిపోతుంది. వెలుగు ముందు నుంచి కాకుండా వెనక నుంచి వస్తుంది. ట్యూబ్‌లైటు ఉండేది ఎదురుగా ఉన్న పడమటి గోడకో, గది నడిమధ్యలోనో. గట్టు ముందు మనిషి నిలబడగానే తల, భుజాల నీడ సరిగ్గా కత్తిపీట మీద, చాకు మీద పడుతుంది. పైన కప్‌బోర్డులు ఉంటే వాటి నీడ అదనం. ఎక్కువ వాట్ల లైటు వేస్తే సరిపోదా అంటారేమో. గది వెలుగుతుంది కానీ నీడ ఎక్కడికీ పోదు.

ఇది అందచందాల సంగతి కాదు. కందిపప్పులో పురుగు, బియ్యంలో రాయి, వంకాయలో పుచ్చు కనిపించాల్సింది అక్కడే. పదునైన చాకు, సలసలా కాగే నూనె ఉండేదీ అక్కడే. పైగా వయసు పెరిగేకొద్దీ కంట్లోకి వెళ్లే వెలుగు తగ్గుతుంది. ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే అరవై ఏళ్ల కంట్లో రెటీనాకు చేరేది దాదాపు మూడో వంతే. కోడలికి సరిపోయిన వెలుగు అత్తగారికి చాలకపోవడానికి కారణం అదే. పాతకాలం పెద్దలకు ఈ లెక్కలు తెలియకపోయినా అవసరం తెలుసు. పెంకుటిళ్లలో పొయ్యి ఉన్నచోట పైకప్పులో ఓ గాజు పెంకు వేయించేవారు. పని జరిగే చోటే వెలుగు పడాలన్న సూత్రం అందులోనే ఉంది.

బల్బు మారింది... పాయింటు మారలేదు

దేశంలో ఎల్‌ఈడీ బల్బు ముందుగా ఇంటింటికీ చేరిన ప్రాంతాల్లో గుంటూరు జిల్లా ఒకటి. 2014లో కేంద్ర ప్రభుత్వ రంగానికి చెందిన ఈఈఎస్‌ఎల్ సంస్థ ఆంధ్రప్రదేశ్‌లో బల్బుల పంపిణీని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టింది. అవి గుంటూరు, అనంతపురం, పశ్చిమగోదావరి, శ్రీకాకుళం. 60 వాట్ల పాత బల్బులు రెండు ఇస్తే, పది రూపాయల చొప్పున 7 వాట్ల ఎల్‌ఈడీలు రెండు చేతిలో పెట్టారు. 2015 జనవరిలో దేశమంతటా మొదలై, తర్వాత ‘ఉజాలా’ పేరుతో సాగిన పథకానికి ముందు పడిన తొలి అడుగుల్లో అదీ ఒకటి. ఎల్‌ఈడీ తెల్లని వెలుగుకు మూలమైన నీలి కాంతి డయోడ్‌ను కనిపెట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించిందీ 2014లోనే.

అలా బల్బు మారింది. కరెంటు ఆదా అయింది. కానీ హోల్డర్ ఉన్నచోటే ఉండిపోయింది! పాత బల్బుల రోజుల్లో ఇంకో లైటు పెట్టాలంటే వేడికీ బిల్లుకీ భయపడేవాళ్లం. ఇప్పుడా భయం లేదు. నాలుగడుగుల ఎల్‌ఈడీ ట్యూబ్ 20 వాట్లు. గట్టు పైన ఆరడుగుల ఎల్‌ఈడీ పట్టీ మరో 18 వాట్లు. డైనింగ్ టేబుల్ మీద 9 వాట్ల బల్బు. మూడూ కలిపినా 47 వాట్లే. ఒకనాటి ఒక్క బల్బు తాగిన కరెంటు కన్నా తక్కువ. రోజుకు ఐదు గంటలు వెలిగినా నెలకు ఏడు యూనిట్లు. అంటే ఇప్పుడు మనం ఆలోచించాల్సింది ఎన్ని లైట్లు అని కాదు, ఎక్కడ అని.

ప్లాస్టరింగ్‌కు ముందే...

ఆ నిర్ణయానికి ఓ ముహూర్తం ఉంది. ఇటుక గోడలు లేచి, ప్లాస్టరింగ్ మొదలుకాకముందు. అప్పుడైతే ఎక్కడ కావాలంటే అక్కడ గోడ చెక్కి పైపు వేస్తారు. రంగులు కూడా వేశాక గుర్తొస్తే మళ్లీ గోడ పగలగొట్టాలి. లేదంటే వైరు పైకి కనిపించేలా లాక్కోవాలి. శ్లాబులో వేసే పైపులు, ఫ్యాను హుక్కులైతే కాంక్రీటు పోసే రోజుకే తేలిపోవాలి.

కాబట్టి ఓ సుద్దముక్క తీసుకుని వంటింట్లోకి వెళ్లండి. వండేవాళ్లే వెళ్లాలి సుమా! స్టవ్ ఎక్కడ, తరిగేది ఎక్కడ, సింకు ఎక్కడ, మిక్సీ ఎక్కడ... గోడ మీద గీతలు గీయండి. ఆ ప్రతి చోటుకూ వెలుగు మీ ముందు నుంచో, నెత్తికి కాస్త ముందుగా పైనుంచో రావాలి. వీపు వెనక నుంచి కాదు.

గట్టు పైన కప్‌బోర్డులు వస్తుంటే వాటి అడుగున ఎల్‌ఈడీ పట్టీ మేలైన దారి. గోడకు ఆనించి కాకుండా కప్‌బోర్డు ముందు అంచు వైపు బిగిస్తే వెలుగు గట్టు మొత్తం పరుచుకుంటుంది. ఈ పట్టీలు ఎక్కువగా 12 లేదా 24 వోల్టులతో పనిచేస్తాయి. వాటికి డ్రైవర్ అనే చిన్న పెట్టె కావాలి. ముందుగా పాడయ్యేది తరచూ అదే. అందుకే దాన్ని స్టవ్ సెగ తగలని చోట, చెయ్యి అందేలా పెట్టించండి.

కప్‌బోర్డులకు ఇప్పుడే డబ్బు పెట్టలేమంటారా? మన ఇళ్లలో గట్టు పైన ఏడడుగుల ఎత్తున సిమెంటు అటక ఎలాగూ ఉంటుంది. దాని అడుగున ఓ నాలుగడుగుల ట్యూబ్ బిగించండి. చవకలో అయిపోతుంది, నీడా తప్పుతుంది. గది మధ్యలో మామూలు లైటూ ఉండాలి. అది నడవడానికి, సామాన్లు వెతుక్కోవడానికి. పని చేయడానికి గట్టు లైటు. రెండింటికీ వేర్వేరు స్విచ్‌లు. తరగడం, వండడం జరిగే చోట 300 నుంచి 500 లక్స్ వెలుగు ఉండాలని లైటింగ్ నిపుణులు చెబుతారు. వెలుగును ఉజ్జాయింపుగా కొలిచే యాప్‌లు ఫోన్లలోనే దొరుకుతున్నాయి.

స్విచ్ బోర్డు మాత్రం సింకుకు దూరంగా ఉండాలి. తడి చేతులు తిరిగే గది ఇది. ఎర్తింగ్ సరిగా ఉండాలి, మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ పెట్టించడం మరిచిపోవద్దు. కరెంటు లీకైతే క్షణంలో సరఫరా ఆపేసేది అదే.

చీమకుర్తి నలుపుతో జాగ్రత్త

ఈ జిల్లాల్లో ఇల్లు కడుతూ గట్టుకు నల్ల గ్రానైటు వేయించనివాళ్లు అరుదు. ప్రకాశం జిల్లా చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ ప్రపంచమంతా ఎగుమతయ్యే రాయి మరి. నల్లటి రాతిలో బంగారు చుక్కల్లా మెరిసేది బ్రాంజైట్ అనే ఖనిజం. చూడ్డానికి ఎంత బాగుంటుందో, లైటు విషయంలో అంత పేచీ పెడుతుంది.

ఎందుకంటే నలుపు వెలుగును మింగేస్తుంది. తెల్ల టైల్స్ గట్టు మీద సరిపోయిన లైటు నల్ల గట్టు మీద చాలదు. ఇంకోపక్క పాలిష్ పట్టిన రాయి అద్దంలా పనిచేస్తుంది. పైనున్న ఎల్‌ఈడీ పట్టీలోని చుక్కలన్నీ వరసగా గట్టులో ప్రతిబింబించి కంట్లో పొడుస్తాయి. దీనికి విరుగుడు తేలికే. పట్టీని నేరుగా అతికించకుండా, పాల రంగు మూత ఉన్న అల్యూమినియం చట్రంలో పెట్టించండి. చుక్కలన్నీ కలిసి ఒకే గీతలా మెత్తని వెలుగు వస్తుంది. నూనె జిడ్డు పట్టినా తుడుచుకోవడం సులువు. గట్టు వెనక గోడకు లేత రంగు టైల్స్ వేస్తే అవి వెలుగును తిరిగి గట్టు మీదికి పంపుతాయి. ఇంకా రాయి ఎంచుకోకపోతే బల్లికురవ స్టీల్ గ్రే లాంటి బూడిద రంగు కూడా ఓసారి చూడండి. నలుపు అంతగా వెలుగును మింగదు.

ఎరుపు ఎరుపుగానే కనబడాలంటే

మిరపకాయ సంగతి గుంటూరు వాళ్లకు ఒకరు చెప్పాలా? రంగు చూసే కదా ధర పలికేది. తాలు కాయను ఏరేదీ రంగుతోనే. ఆ కాయను పగటి వెలుగులో చూసినట్టు లైటు వెలుగులో చూడగలమా? అది బల్బును బట్టి ఉంటుంది.

ఎల్‌ఈడీలో పుట్టేది నీలి వెలుగు. పైనున్న ఫాస్ఫర్ పూత అందులో కొంత భాగాన్ని పసుపు, ఎరుపు వైపు మార్చి తెల్లగా చూపిస్తుంది. చవక బల్బుల్లో ముదురు ఎరుపు పాలు తక్కువ. అందుకే వాటి కింద పండుమిరప పచ్చడి గోధుమ రంగుకు తిరిగినట్టు, టమాటా పప్పు పాలిపోయినట్టు ఉంటాయి. కూర మాడిందో, వేగిందో కూడా సరిగ్గా తెలియదు. రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె సీఆర్‌ఐ. దీనికి గరిష్ఠం 100. మామూలు బల్బుల్లో 80 దగ్గర ఉంటుంది. వంటింటికి, భోజనాల బల్లకు 90 లేదా ఆ పైన ఉన్నది అడగండి. ఎరుపు కోసమే ఆర్‌9 అని ఇంకో అంకె ఉంది. డబ్బా మీద అది కూడా రాసి, 50 దాటి ఉంటే మరీ మంచిది. ఇల్లంతా ఇలాంటివి అక్కర్లేదు. ఈ రెండు చోట్ల చాలు.

ఫ్యానుకీ దీపానికీ పేచీ

ఇంగ్లిషు మ్యాగజైన్లలో డైనింగ్ టేబుల్ బొమ్మలు చూసి మనమూ అలాంటి వేలాడే దీపం కొంటాం. ఆ బొమ్మల్లో సీలింగ్ ఫ్యాను ఉండదన్న సంగతి గమనించం! ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఉన్నది ఈ ప్రాంతంలోనే. మే నెలలో ఫ్యాను లేకుండా అన్నం తినగలమా?

టేబుల్ పైన ఫ్యాను ఉంటే దాని పక్కనే దీపం వేలాడదీయడం కుదరదు. మామూలు ఫ్యాను రెక్కలు తిరిగే వలయం నాలుగడుగుల వెడల్పు. దీపం దానికి తగలకపోయినా గాలికి ఊగుతూనే ఉంటుంది. పోనీ లైట్లను ఫ్యాను పైన సీలింగ్‌లో పెడితే? నిమిషానికి మూడొందల చుట్లు తిరిగే మూడు రెక్కల ఫ్యాను సెకనుకు పదిహేను సార్లు వెలుగును కోస్తుంది. కంచం మీద నీడలు చకచకా ఆడుతుంటాయి. తినేవాళ్లకు తల తిరిగినట్టుంటుంది.

దీనికి రెండు దారులున్నాయి. వేలాడే దీపమే కావాలంటే టేబుల్ పైన హుక్కు దీపానికి ఇచ్చి, గోడకు ఫ్యాను పెట్టించండి. దీపం అడుగు టేబుల్‌కు రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తున ఉండాలి. ఇంకా కిందికొస్తే ఎదుటివాళ్ల ముఖం కనబడదు, పైకెళ్తే బల్బు కళ్లలో పడుతుంది. లేదు, సీలింగ్ ఫ్యానే ముఖ్యమనుకుంటే టేబుల్‌కు రెండువైపులా గోడలకు, రెక్కల కన్నా కిందుగా లైట్లు పెట్టండి. పెద్దవాళ్లు కింద పీట మీదే తినే ఇళ్లకు, పండక్కి బంతి వేసి వడ్డించే ఇళ్లకు ఈ రెండో పద్ధతే నయం. వెలుగు టేబుల్‌కే పరిమితం కాకుండా గది అంతా పరుచుకుంటుంది.

ఇక వెలుగు రంగు. దీన్ని కెల్విన్లలో చెబుతారు. 2700 నుంచి 3000 అంటే పాత బల్బులాంటి పసుపు. 4000 అయితే సమంగా ఉండే తెలుపు. 6500 నీలం కలిసిన తెలుపు. వంటగట్టుకు 4000, భోజనాలకు 3000 బాగుంటాయి. వంటిల్లు, డైనింగ్ మధ్య గోడ లేకపోతే వంట కాగానే గట్టు లైట్లు ఆర్పేయండి, టేబుల్ దగ్గర ఒకే రంగు మిగులుతుంది. పిల్లలు హోంవర్కు చేసేది కూడా ఆ టేబుల్ మీదేనా? అయితే అక్కడ ఇంకో తెల్ల లైటుకు వేరే స్విచ్ ఇవ్వండి.

పసుపు వెలుగుతో ఇంకో లాభం ఉంది. చుట్టూ పొలాలున్న ఊళ్లలో వాన పడిన రాత్రి ఉసుళ్లు ఎలా ముసురుతాయో తెలిసిందే. పురుగుల్ని ఎక్కువగా లాగేది నీలి వెలుగు. పెరటి గుమ్మం దగ్గర, భోజనాల గదిలో పసుపు లైటు ఉంటే పూర్తిగా పోకపోయినా కంచంలో పడేవి తగ్గుతాయి. ఇన్వర్టర్ పెట్టించుకునేవాళ్లు గట్టు లైటును కూడా ఆ లైనులో కలపమని ఇప్పుడే చెప్పాలి. హాల్లో టీవీకి ఇచ్చి వంటింటిని చీకట్లో వదిలేసిన ఇళ్లు ఎన్నో!

చివరగా ఓ చిన్న పరీక్ష. ప్లాస్టరింగ్‌కు ముందు ఓ సాయంత్రం, పొడవాటి వైరుకు ఎల్‌ఈడీ బల్బు తగిలించి వంటింట్లోకి పట్టుకెళ్లండి. గట్టు వచ్చే చోట ఓ బల్ల వేసి, దాని మీద గుప్పెడు కందిపప్పు పోయండి. బల్బును ఎలక్ట్రీషియన్ చెప్పిన చోట ఒకసారి, మీరు గీత గీసిన చోట ఒకసారి పట్టుకోమనండి. ఇంట్లో పెద్దావిడ ఎక్కడ పట్టుకుంటే పురుగు కనిపిస్తోందంటే అక్కడే పాయింటు!

కొనేముందు...

* వాట్లు చూసి కాదు, ల్యూమెన్లు చూసి కొనండి. వెలుగును చెప్పేది అవే. పాత 60 వాట్ల బల్బు ఇచ్చింది సుమారు 700 ల్యూమెన్లు.
* డబ్బా మీద బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు, బీఈఈ స్టార్ లేబుల్ ఉన్నాయా? ఎక్కువ స్టార్లుంటే తక్కువ కరెంటుకు ఎక్కువ వెలుగు.
* ఊళ్లో వోల్టేజి హెచ్చుతగ్గులుంటే 100 నుంచి 300 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్నది తీసుకోండి.
* వెలుగు తగ్గించి పెంచే డిమ్మర్ కావాలంటే బల్బు కూడా డిమ్మబుల్ రకమే అయ్యుండాలి.
* స్టవ్ దగ్గర గాజు పూసలు, మడతలున్న షోకు దీపాలు వద్దు. పోపు జిడ్డు పడితే నెలలోనే మసకబారతాయి.
* వారంటీ బిల్లు, డ్రైవర్ మోడల్ నంబరు దాచుకోండి. పాడైనప్పుడు అదే రకం దొరకాలి కదా!