కేంద్రానికి వెళ్ళని పాలు

గేదె ఈనిన ఇంట్లో మొదటి నాలుగు రోజులూ ఆ గేదె పాలు క్యానులోకి ఎక్కవు. పాల కేంద్రం వాటిని పుచ్చుకోదు. ఆహార భద్రతా ప్రమాణాల్లో పాలు అన్నమాటకు ఇచ్చిన నిర్వచనంలోనే జున్నుపాలు కలవకూడదని ఉంది. వేడి తగిలితే గడ్డకట్టే పాలు డెయిరీ యంత్రాల్లోకి వెళ్తే గొట్టాలు పూడుకుపోతాయి. అందుకని ఏడాది పొడుగునా చివరి చుక్క దాకా కొలిచి పోసే ఇంట్లో కూడా ఆ నాలుగు రోజులు కొలత ఉండదు. "వదినా, మా గేదె ఈనింది, గిన్నె పంపించు" అని గోడ మీంచి కేక వేస్తారు. సాయంత్రానికి ఆ వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా పొయ్యి మీద ఇడ్లీ పాత్ర, మిరియాల వాసన.

నేను చెబుతున్నది కృష్ణా జిల్లా ఘంటసాల మండలంలో, కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం సంగతి. ఉత్తరాంధ్ర జిల్లాతో దీనికి పేరొక్కటే కలుస్తుంది. ఇది ఆంధ్ర మహావిష్ణువు కొలువైన ఊరు. కళింగ దండయాత్ర దారిలో శ్రీకృష్ణదేవరాయలు ఇక్కడ ఏకాదశి ఉపవాసం ఉన్నాడనీ, స్వామి కలలో కనిపించి తెలుగులో కావ్యం రాయమన్నాడనీ ఆముక్తమాల్యదలో ఉంది. గుడికి వచ్చినవాళ్ళు దర్శనం చేసుకుని చల్లపల్లి మీదుగా వెళ్ళిపోతారు. ఊరు బతికేది వరి మీద, వరిగడ్డి మేసే గేదె మీద. కోతలయ్యాక గడ్డి వామికెక్కుతుంది, తవుడు మిల్లు నుంచి వస్తుంది, మాగాణిలో చల్లిన పిల్లిపెసర పచ్చిమేత అవుతుంది. రెండెకరాలున్న ఇంటికి, కౌలుకు చేసుకునే ఇంటికి, అసలు భూమే లేని ఇంటికి కూడా రెండు గేదెలుంటే పూటపూటకీ చేతిలో ఏదో ఒకటి ఆడుతుంది. బందరు, గుడివాడ, అవనిగడ్డ ఎటు వెళ్ళినా డెల్టాలో ఇదే తీరు.

నాలుగింటికే లేవాలి. పాక ఊడ్చి, పేడ ఎత్తి, కుడితి కలపాలి. రాత్రి బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, రెండు దోసిళ్ళ తవుడు, నానబెట్టిన తెలగపిండి. గేదె మూతి ముంచి గోలెం అడుగు దాకా జుర్రుకుంటుంది. అది తాగుతుండగా పొదుగు కడిగి, గుడ్డతో తుడిచి, అప్పుడు దూడ తలుగు విప్పుతారు. దూడ నాలుగు గుటకలు తాగి తలతో పొదుగును పొడుస్తుంది. పొడిచిన కాసేపటికి చన్నులు బిగుస్తాయి. గేదె చేపింది. ఇక దూడను లాగి తల్లి ముందు కట్టేసి, చెంబో బకెట్టో మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చోవాలి. బొటనవేలు మడిచి నొక్కితే తొందరగా వస్తాయి కానీ చన్ను చెడుతుంది. తెలిసినవాళ్ళు పిడికిలి నిండా పట్టి పిండుతారు.

చేపు విషయంలో గేదె ఆవులాంటిది కాదు. ఆవు పాలలో దాదాపు అయిదో వంతు పొదుగు కింది భాగంలో ఎప్పుడూ నిలవుంటుంది, అది ఎవరు పిండినా వస్తుంది. గేదెకు ఆ నిలవ నూటికి అయిదు పాళ్ళకు మించదు. మిగతాదంతా పైన పట్టి ఉంచుతుంది. తన దూడ మూతి తగిలి, ఒంట్లో ఆక్సిటోసిన్ ఊరితేనే వదులుతుంది. దూడ లేని గేదెతో పాడి చేసినవాళ్ళకు ఆ అవస్థ తెలుసు. కొత్త చెయ్యి తగిలినా, పక్కన మోటారు సైకిలు ఆగినా పాలు పైకి ఎగబట్టేస్తుంది.

డెల్టాలో పాడికి ఒక వరస ఉండేది. మొదట దూడ, తర్వాత ఇల్లు, మిగిలితే అమ్మకం. నాలుగు చన్నుల్లో ఒకటి, పితికాక మిగిలే చివరి పాలు దూడకు వదిలేసేవాళ్ళు. దూడ బతికితేనే రేపటికి పడ్డ అవుతుందని, చూడి కడుతుందని లెక్క. ఇప్పుడు ఆ వరస తిరగబడుతోంది. తిప్పుతున్నది మనుషుల దురాశ ఒక్కటే అనను. ధర కట్టే పద్ధతిలోనూ ఆ ఒత్తిడి ఉంది.

కేంద్రంలో పాలకు ధర వెన్నను బట్టి. నమూనా యంత్రంలో పోస్తే వెన్న శాతం, వెన్న కాని ఘనపదార్థాల శాతం చీటీ మీద పడతాయి. గేదె పాలలో వెన్న సుమారు 7 శాతం, ఆవు పాలలో 4 శాతం. అంకె అర శాతం తగ్గితే పది రోజుల బిల్లులో తేడా కనిపిస్తుంది. పితుకుడు మొదట్లో వచ్చే పాలు పలచన. వెన్న ఎక్కువగా చివరి పాలలోనే ఉంటుంది. సరిగ్గా ఆ చివరి పాలే వెనకటి వరసలో దూడవి. వాటిని కూడా పిండేస్తే చీటీ మీద అంకె పెరుగుతుంది, దూడ డొక్కలు లోపలికి పోతాయి. పెయ్యదూడనైతే రేపటి ఆశతో ఎలాగో సాకుతారు. దున్నదూడ పుడితే దాని సంగతి అడిగే నాథుడే ఉండడు. ట్రాక్టరు వచ్చాక దానితో పనిలేదు. చాలా పాకల్లో అది రెండు నెలలు కూడా దాటదు. దూడ పోయాక గేదె చేపదు, చేపకపోతే ఆక్సిటోసిన్ సూది. పాల కోసం ఆ సూది వేయడం చట్టరీత్యా నేరం. దూడకు ఒక చన్ను వదిలిన ఇంటికి ఆ సూదితో పనే రాదు.

కేంద్రం వల్ల మేలు జరగలేదని కాదు. 1974లో రాష్ట్ర పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడి, విజయ పేరుతో పల్లెపల్లెకూ సేకరణ విస్తరించాక, పాలు కొనేవాడు చెప్పిందే ధర అన్న రోజులు పోయాయి. బిల్లు తప్పకుండా వస్తుంది, దాన్ని చూపిస్తే బ్యాంకు గేదె కొనడానికి అప్పిస్తుంది. హర్యానా ముర్రాతో సంకరమైన గేదెలు పాకల్లోకి వచ్చాయి. ఆ డబ్బుతో పిల్లల్ని ఇంజనీరింగు చదివించిన ఇళ్ళు ఈ మండలంలో ఎన్నో ఉన్నాయి. కానీ పాలన్నీ క్యానులోకి వంచేసి, మధ్యాహ్నం కొట్టుకెళ్ళి పెరుగు ప్యాకెట్టు కొనుక్కొస్తున్న పాడి ఇళ్ళను చూస్తే నాకు మనసు ఒప్పదు. పొద్దున కేంద్రం ఇచ్చిన ధరకు, మధ్యాహ్నం ప్యాకెట్టు మీదున్న ధరకు మధ్య తేడా ఆ ఇంటి జేబులోంచే పోతోంది.

పాలను నిలవ చేసుకోవడానికి ప్రపంచంలో ఎవరి దారి వాళ్ళు వెతుక్కున్నారు. ఇటలీలో కంపానియా పల్లపు నేలల్లో పెంచే గేదెల పాలతో మొజరెల్లా చీజ్ చేస్తారు. 1996లో ఐరోపా సమాఖ్య ఆ పేరుకు ప్రాంతీయ రక్షణ ఇచ్చింది. చెమ్మ నేల, గేదె, చిక్కటి పాలు మనకూ ఉన్నాయి. అక్కడ ఆ పాలు చీజ్ అయి అమ్ముడుపోతే మన రైతు పాలనే అమ్ముతున్నాడు. చాలా రకాల చీజ్ నెలల తరబడి మాగడానికి పది పదిహేను డిగ్రీల చల్లదనం కావాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే ఎండ, ఏడాది పొడుగునా ఉప్పుగాలి చెమ్మ ఉన్న చోట అది కుదిరే పని కాదు. పైగా పాలు విరిగితే అపశకునమని నమ్మిన ఇళ్ళలో, కావాలని పాలు విరగ్గొట్టడం వంటలోకి రాలేదు. తోడు పెట్టడం, చిలకడం, కాచడం మన దారి అయింది. ఈ ఎండకు తట్టుకుని నెలల తరబడి ఉండేది నెయ్యి ఒక్కటే.

జున్ను మాత్రం విరగకుండానే గట్టిపడుతుంది. చీజ్‌కు దూడ పొట్టలోని రెన్నెట్టో, పులుపో కావాలి. జున్నుకు ఏదీ అక్కర్లేదు. మామూలు గేదె పాలలో 4 శాతం ఉండే మాంసకృత్తులు మొదటి రోజు జున్నుపాలలో అంతకు మూడు రెట్లకు పైనే. వాటిలో పెద్ద భాగం దూడను రోగాల నుంచి కాపాడేవి. గేదె కడుపులో ఉండగా తల్లి రక్షణ దూడకు అందదు. పుట్టిన మొదటి గంటల్లో తాగిన జున్నుపాల నుంచే అందుతుంది, రోజు గడిస్తే దాని పేగులు ఆ శక్తిని తీసుకోలేవు. ముప్ఫై కిలోల దూడకు తొలిరోజు మూడు లీటర్లు పట్టాలని పశువైద్యులు చెబుతారు. మాయ పడేదాకా దూడను పాలకు వదలకూడదన్న పాత పట్టింపు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. అది పూర్తిగా మానుకోవలసిన పట్టింపు. దూడ కడుపు నిండాకనే గిన్నెలకు.

మొదటి పూట పాలు పసుపుపచ్చగా, వేలికి అంటుకునేంత చిక్కగా ఉంటాయి. ఒక గ్లాసుకు రెండు మూడు గ్లాసుల మామూలు పాలు కలపాలి, లేకపోతే జున్ను రబ్బరులా సాగుతుంది. రెండో రోజు పాలకు అంత కలపనక్కర్లేదు, మూడో రోజువి ఉన్నవి ఉన్నట్టే. ఎంత కలపాలో తెలియనివాళ్ళు ఒక చెంచాడు చిన్న గిన్నెలో పోసి ఆవిరి మీద పెట్టి చూసుకుంటారు. తరిగిన బెల్లం పాలలో కరిగించి వడగట్టి, మిరియాలు, యాలకులు కచ్చాపచ్చాగా దంచి వేసి, మూత మీది చెమ్మ పడకుండా గుడ్డ కట్టి అరగంట ఆవిరి పట్టాలి. పుల్ల గుచ్చితే పొడిగా పైకి రావాలి. మిరియం అడుగుకు చేరి మొదటి ముక్కలో కన్నా చివరి ముక్కలో ఘాటుగా తగులుతుంది. ఫిన్లండులో ఇలాంటి పాలనే పొయ్యిలో కాల్చి తింటారు, ఐస్లండులో కూడా జున్నుంది. ఇచ్చిన గిన్నెను మాత్రం మన దగ్గర ఒట్టిగా తిరిగి పంపరు. కాస్త బెల్లమో, గుప్పెడు బియ్యమో వేసి పంపుతారు.

నెయ్యి సంగతికి వస్తాను, ఎందుకంటే ఆడవాళ్ళ చేతిలో సొంత డబ్బు ఆడింది అక్కడే. దాలిలో పిడకల సెగ మీద పాలు సాయంత్రం దాకా ఎర్రగా కాగేవి. తోడుపెట్టిన పెరుగును ఎండెక్కక ముందే చిలికేవాళ్ళు, చల్ల వేడెక్కితే వెన్న ముద్దకట్టదు. కిలో నెయ్యి కావాలంటే 15 లీటర్ల గేదె పాలు పడతాయి. కాచి దించేముందు రెండు మునగాకు రెమ్మలు, వడగట్టాక అడుగున మిగిలిన గసిలో వేడన్నం కలిపి పిల్లలకు. మజ్జిగ అడిగినవాళ్ళకల్లా ఊరికే. నెయ్యి సోలతో కొలిచి అమ్మిన డబ్బు మొగుడి లెక్కలోకి వెళ్ళేది కాదు. అది పోపులపెట్టె డబ్బు, ఆడపిల్ల పట్టీల డబ్బు, పుట్టింటి ప్రయాణం డబ్బు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన బందరు లడ్డు రుచి సగం నేతిదే. ఆ నెయ్యి డెల్టా ఇళ్ళ కవ్వాల నుంచి వెళ్ళిన రోజులున్నాయి.

కవ్వం ఇంకా పూర్తిగా అటకెక్కలేదు. 2009 అక్టోబరులోనూ, 2024 సెప్టెంబరులోనూ ప్రకాశం బ్యారేజి నుంచి 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు దిగింది. అలాంటి వరదలో లంకల్లోని గేదెలను కరకట్ట మీదికి తోలి గుంజలకు కట్టుకోవాలి, దారులు తెగితే పాల వ్యాను రాదు. పొదుగు మాత్రం పూటకోసారి నిండుతూనే ఉంటుంది. వ్యాను రాని రోజున ఆ పాలను కాపాడగలిగేది తోడుచుక్కా కవ్వమే.

పేడ ఎత్తేది, కుడితి కలిపేది, గట్ల మీద గడ్డి కోసి మోపు నెత్తిన పెట్టుకొచ్చేది, రెండు పూటలా పిండేది ఎక్కువ ఇళ్ళలో ఆవిడే. బిల్లు పడే బ్యాంకు ఖాతా, కేంద్రం పుస్తకంలో సభ్యుడి పేరు మాత్రం తరచూ ఆయనవి. నేతి డబ్బు పోయింది, దాని బదులు వచ్చిన పాల డబ్బు ఆవిడ చేతికి రాలేదు. దీన్ని మార్చడానికి పెద్ద పథకాలు అక్కర్లేదు. కేంద్రం పుస్తకంలో పేరు మార్పించుకోవడం ఒక దరఖాస్తు పని. పూటకు ఒక లీటరు ఇంట్లో ఆపుకుంటే నెలకు 60 లీటర్లు, అంటే నాలుగు కిలోల నెయ్యి, రోజూ ఇంటిల్లిపాదికీ మజ్జిగ. ఊళ్ళో వాసన చూసి కొనేవాళ్ళు ఉన్నారు, కార్తీకంలో గుడికి వచ్చేవాళ్ళు అడిగి మరీ కొంటారు. ఆ నెయ్యి సీసా మీద వచ్చిన డబ్బు ఎవరిదన్న మాట ఇంట్లో ముందే తేల్చుకోవాలి.