మెత్తగా అంటే ఎంత మెత్తగా?

మీరిది చదువుతున్న ఫోన్ స్క్రీన్‌ని ఓసారి నొక్కండి. అదే వేలితో ఇప్పుడు బుగ్గ నొక్కుకోండి. ఒకటి గట్టి, ఒకటి మెత్తన. కళ్లు మూసుకున్నా క్షణంలో చెప్పేస్తాం. మరి వేలికి ఎలా తెలిసింది?

ఎంత బలం పెడితే వేలు ఎంత లోపలికి దిగింది అన్నది ఇంజినీరింగ్ లెక్క. చెయ్యి కూడా ఆ లెక్క చూసుకుంటుంది. కానీ అసలు పని వేలి చర్మానిది. పండిన సపోటాను నొక్కితే అది వేలి చుట్టూ ఒదుగుతుంది. నొక్కేకొద్దీ పండుకు ఆనే చర్మం పెరుగుతూ పోతుంది. పచ్చికాయ అయితే ఒదగదు. వేలి కొనే కాస్త అణిగి ఆగిపోతుంది, ఒత్తిడంతా ఆ కొంచెం చోటే పడుతుంది. ఈ తేడానే మెదడు మెత్తన, గట్టి అని చదువుకుంటుంది.

1995లో మండయం శ్రీనివాసన్, రాబర్ట్ లామొట్ అనే శాస్త్రవేత్తలు దీన్ని రబ్బరు ముక్కలతో పరీక్షించారు. వేలు కదలకుండా ఉంచి ముక్కను దానికి అదిమినా జనం తేడా పట్టేశారు. వేలి కొనకు మత్తుమందు ఇచ్చాక మాత్రం, చెయ్యి కదలిక తెలుస్తున్నా, పెద్ద తేడాలు కూడా చెప్పలేకపోయారు.

ఒక్క చేతి వేళ్లు, అరచేతిలో కలిపి ఇలా స్పర్శను పట్టే నాడులు దాదాపు 17 వేలు. ఒత్తిడిని నాడీ సంకేతంగా మార్చే ‘పీజో’ ప్రోటీన్లను కనిపెట్టినందుకే ఆర్డెమ్ పటపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది, డేవిడ్ జూలియస్‌తో కలిపి.

ఫోన్ కూడా మన వేలిని కొంచెం బురిడీ కొట్టించగలదు. 2016లో వచ్చిన ఐఫోన్ 7లో హోమ్ బటన్ అసలు కదలదు. లోపలి మోటార్ చిన్నగా అదిరితే, నొక్కామనిపిస్తుంది. ఫోన్ ఆఫ్ చేస్తే ఆ బటన్ ఉలకదు, పలకదు. అయితే క్లిక్‌ను నమ్మించినంత తేలిక కాదు మెత్తదనాన్ని నమ్మించడం. అద్దం మన వేలి చుట్టూ ఒదగదు కదా!

ఆపరేషన్ థియేటర్లో ఇది చిన్న విషయం కాదు. మెత్తటి అవయవంలో దాగిన గట్టి గడ్డను సర్జన్ వేలు తడిమి పట్టుకుంటుంది. రోబో సర్జరీలో డాక్టర్ చెయ్యి పేషెంట్‌కి తగలదు. కణజాలం ఎంత వంగుతోందో తెరమీద చూసి అంచనా వేసుకోవాలి. పరికరం కొనకు తగిలే బలాన్ని డాక్టర్ చేతికి చేరవేసే ‘డావిన్సీ 5’ రోబోకి అమెరికాలో అనుమతి వచ్చింది 2024లోనే. అదీ బలం వరకే, చర్మం మీద పరుచుకునే స్పర్శ కాదు.

మా ఇంట్లో సమస్య ఇంత పెద్దది కాదు, అరిసెల పాకం. పళ్లెంలో నీళ్లు పోసి, చుక్క పాకం వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తుంది అమ్మమ్మ. నేను నా రూమ్‌లో అదే చేసి, వీడియో కాల్‌లో చూపించా.

“నాకు చూపిస్తే ఏం తెలుస్తుందిరా? నొక్కి చూడు. మెత్తగా ఉండ కట్టాలి.”

“మెత్తగా అంటే ఎంత అమ్మమ్మా?”

“అది నోటితో చెప్పేదా?”

నిజమే. బెల్లం కొలత, బియ్యప్పిండి కొలత, మొత్తం రెసిపీ నా ఫోన్లో సేవ్ అయి ఉన్నాయి. ఆ ‘ఎంత’ మాత్రం ఎనభై దాటిన ఆవిడ వేళ్లలోనే ఉంది. దానికి బ్యాకప్ లేదు. అందుకే ఈ సంక్రాంతికి లీవ్ ముందే పెట్టేశా. ఆవిడ చేసిన ఉండ ఒకటి, నేను చేసింది ఒకటి, పక్కపక్కన పెట్టి నొక్కి చూడాలి.