బకెట్లో విచ్చుకున్న పువ్వు

మొన్న పౌర్ణమి మర్నాడు మధ్యాహ్నం, విశాఖలో తెన్నేటి పార్కు కింద రాళ్ల దగ్గరికి మా అమ్మాయిని తీసుకెళ్లాను. పోటు బాగా వెనక్కి తీసిన వేళ. రాళ్ల మధ్య గుంటల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. ఎనిమిదో క్లాసు పిల్ల కదా, కనిపించిన ప్రతిదానికీ పేరు కావాలి. ఓ గుంటలో పిడికెడంత రాయి, దాని మీద గవ్వముక్కలు, ఇసుక అంటించుకున్న ఆకుపచ్చ జిగురు ముద్ద.

‘‘నాన్నా, ఇదేంటి?’’

నాకేం తెలుసు! ‘‘ఇంటికెళ్లి చూద్దాం’’ అని రాయితో సహా బకెట్లో వేసి, సముద్రపు నీళ్లు పోశాను. పక్కన వల బాగు చేసుకుంటున్న పెద్దాయన ‘‘బాబూ, దాన్ని ఒట్టి సేత్తో ముట్టకండి, దురదెట్టేస్తాది’’ అన్నాడు.

ఇంటికొచ్చిన గంటకి ఆ ముద్ద విచ్చుకుంది. అచ్చం చామంతిలా చుట్టూ రేకులు! సీ అనిమోన్ అని అప్పుడు అర్థమైంది. పువ్వులా ఉంటుంది గానీ జంతువు. ఆ రేకులు దాని చేతులు. వాటి నిండా దంశకణాలుంటాయి. తగిలిన చిన్న జీవిని కుట్టి, నోట్లోకి తోసేసుకుంటుంది.

సరే, ఏ జాతి? ఫోన్లో ఫొటో పెడితే ఒక పేరొచ్చింది. ఇంకో వైపు నుంచి తీసి పెడితే ఇంకో పేరు! సముద్ర జీవశాస్త్రం పాఠాలు చెప్పిన ఓ మిత్రుడికి ఫోన్ చేశాను.

‘‘రంగు చెప్పకు. ఒకే జాతిలో రంగులు మారిపోతాయి. కాండం ఎలా ఉంది? ఒంటరిగా ఉందా, అడుగున పక్కదానితో కలిసి ఉందా?’’ అన్నాడు.

ఎందుకంటే గుంపుగా అడుగున అతుక్కుని, అంచు వెంట మాత్రమే చిన్న చేతులుంటే అది అనిమోన్ కాక జోవాంథిడ్ కావచ్చట. వాటిలో పాలిథోవా రకం కొన్నిటిలో పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గీకడం, వేడినీళ్లు పోయడం అసలు చేయకూడదు. అలా కాకుండా గోధుమరంగులో, నున్నటి కాండంతో, పొడవాటి చేతులతో ఉంటే ఐప్టేసియా అనుకోవచ్చు. అక్వేరియం వాళ్లకి అదో తలనొప్పి. పీకేసినా అడుగున మిగిలిన చిన్న ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది.

మాది ఒంటరిది. కాండం మీద వరసగా జిగురు బొడిపెలు. గవ్వముక్కలు అంటుకున్నది వాటికే. నీళ్లు తీసినప్పుడు ఎండకి ఆరిపోకుండా అదే దాని గొడుగు. ‘‘అయితే ఆంథోప్లూరా ప్రజాతి కావచ్చు’’ అన్నాడు మిత్రుడు.

‘‘అందులో ఏ జాతి?’’

‘‘అది తేల్చాలంటే కోసి లోపలి తెరలు లెక్కపెట్టాలి. దంశకణాల్ని మైక్రోస్కోపు కింద కొలవాలి.’’

స్పీకర్లో వింటున్న మా అమ్మాయి, ‘‘పేరు కోసం చంపేస్తారా?’’ అంది. పరిశోధకులకి ఆ అవసరం ఉంటుంది. మాకేం అవసరం?

1828లో స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి పరిశీలకుడు తీరం నుంచి ఒక అనిమోన్‌ని తెచ్చి గాజుపాత్రలో పెంచాడు. ఆయన పోయాక కూడా అది చేతులు మారుతూ 1887 దాకా బతికింది. ‘గ్రానీ’ అని ముద్దుపేరు. అంటే మా బకెట్లోది ఎన్నేళ్ల ప్రాణమో!

మర్నాడు మళ్లీ నీళ్లు తీసే వేళకి, అదే రాయిని అదే గుంటలో దించాం. వేరే చేపలతో, అక్వేరియం నీళ్లతో కలవలేదు కాబట్టే అలా చేశాం. కలిసి ఉంటే రోగాలు, పరాయి జీవులు సముద్రంలోకి చేరే ప్రమాదం ఉంది. అప్పుడు తిరిగి వదలకూడదు.

మీకూ ఇలాంటిది కనిపిస్తే తీసుకురాకండి. పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, ముడుచుకున్నప్పుడు ఒకటి ఫొటో తీయండి. పక్కన రూపాయి బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. తేదీ, చోటు రాసి ఐనాచురలిస్ట్‌లో పెడితే తెలిసినవాళ్లు చూసి చెబుతారు.

మా అమ్మాయి నోట్‌బుక్కులో బొమ్మ వేసి కింద ఇలా రాసుకుంది: ‘ఆంథోప్లూరా... కావచ్చు.’